ఐ5 ల్యాప్‌టాప్‌లో విచర్ 3: నోవిగ్రాడ్‌కు చేరగానే ఆట ఎందుకు తడబడుతోంది?

మారతహళ్లి పీజీ వాసి

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో, మారతహళ్లిలోని ఒక పీజీలో ఉంటున్నాను. ఊరు మారి వెళ్లిపోతున్న సహోద్యోగి దగ్గర కొన్న ల్యాప్‌టాప్ ఒకటి నా దగ్గర ఉంది. ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-1135జీ7, ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ 512 జీబీ, తెర 1920×1080. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. దీనిలో ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ ఆడుతున్నాను. 2015 నాటి ఆటే కదా, అన్ని సెట్టింగులూ తగ్గించుకుంటే నడుస్తుందనే నమ్మకంతో మొదలుపెట్టాను.

మొదటి ప్రాంతమైన వైట్ ఆర్చర్డ్‌లో పొలాల మీదుగా గుర్రం మీద వెళ్తున్నంత సేపూ ఫరవాలేదు. ఆట తెరిచిన కొద్దిసేపు బాగా నడిచి, ఆ తరువాత వేగం ఒక మెట్టు దిగుతుంది. పావుగంట దాటాక ఇంకో మెట్టు దిగుతుంది. నోవిగ్రాడ్ నగరంలో మాత్రం సందు మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఒక క్షణం బిగుసుకుపోయి, తరువాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మరో సందేహం కూడా ఉంది. ఈ ప్రాసెసర్‌లో ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉంటుందని ఇంటెల్ వివరాల్లో చదివాను కాని, నా డివైస్ మేనేజర్‌లో ‘ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అని మాత్రమే కనిపిస్తోంది. డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ వేసినా ఆ పేరు మారలేదు.

ఇంట్లో చెల్లెలి చదువు ఖర్చు ఉన్నందువల్ల ఈ ఏడాది కొత్త ల్యాప్‌టాప్ కొనే ఆలోచన లేదు. ఉన్నదానితోనే ఈ ఆటను నిలకడగా ఆడుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

ఫ్రేమ్ టైమ్

మీరు వివరంగా రాసినందువల్ల సగం పని తేలికైంది. మీరు చెప్పిన మూడు లక్షణాలకు మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చని నాకు అనిపిస్తోంది. అందుకే ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే కొలతలు తీసుకోమని కోరుతున్నాను. పది సెట్టింగులను ఒకేసారి మార్చేస్తే, ఆట బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ముందు మీ గ్రాఫిక్స్ పేరు సంగతి. డ్రైవర్ పాడవలేదు. 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో ర్యామ్ రెండు ఛానెళ్లలో, అంటే మొత్తం 128 బిట్ల దారిలో అమర్చి ఉంటేనే ఆ గ్రాఫిక్స్‌కు ఐరిస్ ఎక్స్ఈ అనే పేరు వర్తిస్తుంది. ర్యామ్ ఒకే ఛానెల్‌లో ఉంటే అదే చిప్, అదే 80 ఎగ్జిక్యూషన్ యూనిట్లతో (గ్రాఫిక్స్ లెక్కలు చేసే భాగాలతో), యూహెచ్‌డీ పేరుతో కనిపిస్తుంది. కాబట్టి మీ యంత్రంలో 8 జీబీ అంతా ఒకే కార్డుగా, ఒకే స్లాట్‌లో ఉందని నా అంచనా.

ఇది పేరుతో పోయే విషయం కాదు. విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. మీ యంత్రంలో గ్రాఫిక్స్, ప్రాసెసర్ రెండూ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి. డీడీఆర్4-3200 ర్యామ్ ఒక ఛానెల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ అందిస్తుంది, రెండు ఛానెళ్లలో 51.2 జీబీ అందిస్తుంది. గ్రాఫిక్స్ యూనిట్లు ఎంత చురుకైనవైనా, వాటికి కావలసిన దత్తాంశం సగం వేగంతోనే వస్తుంటే అవి ఎదురుచూస్తూ ఉండవలసిందే.

దయచేసి ఈ వివరాలు చూసి చెప్పండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి, మెమరీ మీద నొక్కితే కింద కుడి పక్కన ‘స్లాట్స్ యూజ్డ్’ అనే వరుస ఉంటుంది. అక్కడ ఏముందో చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును సెన్సర్ల పేజీలో తెరిచి ఉంచి, అరగంట ఆడి, సీపీయూ ప్యాకేజీ పవర్, ప్యాకేజీ ఉష్ణోగ్రత మొదట్లో ఎంత ఉన్నాయో, చివరికి ఎంతకు వచ్చాయో రాయండి. ఆటను డీఎక్స్11లో నడుపుతున్నారా, డీఎక్స్12లోనా (ఆట గ్రాఫిక్స్‌తో మాట్లాడే డైరెక్ట్‌ఎక్స్ కూర్పులివి) అనేది కూడా తప్పకుండా చెప్పండి.

మారతహళ్లి పీజీ వాసి

ధన్యవాదాలండీ. మీ అంచనా సరిగ్గా సరిపోయింది. ‘స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2’ అని ఉంది. బ్రౌజర్ తెరిచి ఉంచి ఆట నడిపితే మెమరీ వాడకం 95 శాతం దాటుతోంది. నోవిగ్రాడ్‌లో బొమ్మ బిగుసుకుపోయే క్షణంలోనే ఎస్ఎస్‌డీ గీత నిట్టనిలువుగా లేస్తోంది. ప్యాకేజీ పవర్ మొదట 35 వాట్ల పైన ఉండి, అర నిమిషం తిరగకముందే 15 వాట్లకు పడిపోయింది. ఉష్ణోగ్రత కొంతసేపటికి 97 డిగ్రీలకు చేరింది. ఆటను మాత్రం డీఎక్స్12లోనే నడుపుతున్నాను, తెరిచినప్పుడు మొదట కనిపించేది అదే.

జయనగర్ పాఠకుడు

చర్చకు అడ్డు వస్తున్నానని అనుకోవద్దు. ఇలాంటి యంత్రం మీద డబ్బు పెట్టడం కంటే, అదే డబ్బును పక్కన వేసుకుంటూ పోయి, వచ్చే ఏడాది విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. తేలికైన ప్రాసెసర్, పలుచని ల్యాప్‌టాప్, ఒక్క ఫ్యాను ఉన్న యంత్రాన్ని ఇలాంటి ఆటలకు తయారుచేయలేదు. రోజూ 97 డిగ్రీల దగ్గర నడిపిస్తే, రేపు ఆఫీసు పనికి కూడా పనికిరాకుండా పోతుందేమోనని నా భయం. ఆట కోసం జీవనోపాధి సాధనాన్ని ఇబ్బంది పెట్టకూడదు.

ఎస్పీ రోడ్ పనివాడు

జయనగర్ గారి జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. కాని ఒక్క మాట. రెండో ర్యామ్ కార్డు కొంటే అది ఆటకు మాత్రమే పనికివచ్చే ఖర్చు కాదు. బ్రౌజర్, వీడియో కాల్, ఎక్సెల్ ఫైళ్లు ఒకేసారి తెరిచే ఎవరికైనా ఇవాళ 8 జీబీ ఇరుకే. మా దగ్గరికి ‘ల్యాప్‌టాప్ నెమ్మదించింది, మార్చేయాలి’ అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది ర్యామ్, లేదంటే దుమ్ము దులపడం, అంతే. ఇప్పుడున్న స్థితిలో ఆ గ్రాఫిక్స్ చిప్ ఒక్క చేదతో బావి తోడుతున్నట్టు పనిచేస్తోంది. రెండో చేద వేయకుండానే బావిలో నీళ్లు లేవనడం న్యాయం కాదు.

మారతహళ్లి తమ్ముడూ, కొనేముందు ఈ సంగతులు గుర్తుంచుకోండి. మీకు కావలసింది డీడీఆర్4 సోడిమ్ (ల్యాప్‌టాప్‌లలో వేసే చిన్న ర్యామ్ కార్డు), 260 పిన్నులది, 3200 వేగంది, 8 జీబీది. డీడీఆర్3 గాని డీడీఆర్5 గాని ఆ స్లాట్‌లోకి దిగదు, గాడి చోటు వేరుగా ఉంటుంది. దుకాణంలో 2666 వేగం కార్డు చవకగా ఇస్తామంటే వద్దనండి. రెండు కార్డుల్లో ఏది నెమ్మదైనదో ఆ వేగానికే రెండూ దిగుతాయి. మీది 8 కాబట్టి 8 వేస్తే మొత్తం మెమరీ రెండు ఛానెళ్లలో సమంగా కలుస్తుంది. కంపెనీ ఒకటే కానక్కరలేదు. వీలైతే ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకుని వెళ్లి, కార్డు అక్కడే వేయించి, యంత్రం 16 జీబీ చూపించాకే డబ్బు ఇవ్వండి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్‌లో ఇది మామూలుగా జరిగే పద్ధతే, ఎవరూ తప్పుగా అనుకోరు.

మీరే వేసుకునేటట్టయితే తొందరపడకండి. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, కింది మూత విప్పండి. మూత చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవర్‌తో కాకుండా పాత ఏటీఎం కార్డు అంచుతో నెమ్మదిగా జరుపుతూ రండి. లోపలికి వెళ్లగానే ముందుగా బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయండి, ఆ తరువాతే మిగతావి ముట్టుకోండి. చేతిలోని స్థిరవిద్యుత్తు పోవడానికి ఒకసారి ఇనుప కిటికీ ఊచనో, కుళాయినో తాకండి. ర్యామ్ కార్డును దాని అంచులు పట్టుకుని, బంగారు పిన్నులకు వేలు తగలకుండా, స్లాట్‌లోకి ఏటవాలుగా, గాడి సరిచూసుకుని నెట్టండి. పిన్నుల వరుస దాదాపు పూర్తిగా లోపలికి దిగాక కార్డును కిందికి వంచితే రెండు పక్కల లోహపు క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. ఒక పక్కే టక్కుమంటే కార్డు సరిగా దిగలేదని అర్థం, తీసి మళ్లీ పెట్టండి. అంతా బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొంతసేపు నల్లగానే ఉండవచ్చు. యంత్రం కొత్త ర్యామ్‌ను పరిచయం చేసుకుంటున్న సమయం అది, మధ్యలో బటన్ నొక్కి ఆపేయకండి.

మూత తెరిచారు కాబట్టి ఫ్యాను రెక్కల వైపు, గాలి బయటికి పోయే జల్లెడ వైపు కూడా చూడండి. ఔటర్ రింగ్ రోడ్ పక్కన, నిర్మాణాలు జరుగుతున్న చోట ఉండేవాళ్ల ల్యాప్‌టాప్‌లలో ఆ జల్లెడకు లోపలి వైపున బూడిదరంగు పొర ఒకటి దుప్పటిలా పేరుకుని ఉంటుంది. బయటి నుంచి గాలి ఊదితే అది లోపలికే పోతుంది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో ఆ పొరను వదులుచేసి, బయటికి లాగేయాలి.

ఫ్రేమ్ టైమ్

పనివాడు గారు రాసినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు. పవర్, ఉష్ణోగ్రతల సంగతి మాత్రం వివరిస్తాను.

మీరు చెప్పిన మొదటి మెట్టు వేడి వల్ల వచ్చింది కాదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు రెండు పవర్ పరిమితులు ఉంటాయి. కొద్దిసేపు మాత్రమే అనుమతించే పెద్ద పరిమితి ఒకటి, ఎంతసేపైనా కొనసాగే చిన్న పరిమితి మరొకటి. తయారీదారు నిర్ణయించిన గడువు ముగియగానే యంత్రం 35 నుంచి 15 వాట్లకు దిగడం దాని సహజ ప్రవర్తనే. రెండో మెట్టు వేడిది. ఈ ప్రాసెసర్ గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు, దాని దగ్గరికి రాగానే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జయనగర్ గారి భయానికి సమాధానం కూడా ఇదే. ఆ రక్షణ ఏర్పాటు ఉన్నందువల్ల చిప్ కాలిపోదు. కాని ఏళ్ల తరబడి ఆ వేడిలో ఉంచడం బ్యాటరీకి మంచిది కాదు కాబట్టి, తగ్గించుకోవడమే ఉత్తమం.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఆ 15 వాట్లను ప్రాసెసర్ కోర్లు, గ్రాఫిక్స్ రెండూ పంచుకుంటాయి. కోర్లు 4 గిగాహెర్ట్జ్ వైపు ఎగబాకుతుంటే గ్రాఫిక్స్‌కు మిగిలేది తక్కువ. అందువల్ల విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే టర్బో (కోర్లు తాత్కాలికంగా అందుకునే అదనపు వేగం) ఆగిపోయి, కోర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడతాయి, మిగిలిన విద్యుత్తు గ్రాఫిక్స్‌కు చేరుతుంది. ఆటలోని వెలెన్ ప్రాంతపు అడవుల్లో, పొలాల్లో దీనివల్ల ఫ్రేములు (సెకనుకు తెర మీద గీసే బొమ్మలు) పెరగవచ్చు, వేడి తప్పకుండా తగ్గుతుంది. నోవిగ్రాడ్‌లో మాత్రం ఇది ఎదురు తిరగవచ్చు, ఎందుకంటే జనసమూహాన్ని నడిపించే భారం కోర్ల మీదే పడుతుంది. రెండు పవర్ ప్లాన్లు తయారుచేసుకుని, చోటును బట్టి మార్చుకోండి.

ఓల్టేజీ తగ్గించే ప్రోగ్రాములు వాడమని ఎవరైనా చెబితే సమయం వృథా చేసుకోకండి. ఈ తరం తక్కువ విద్యుత్తు ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో ఆ వీలును సాధారణంగా మూసేసి ఉంచుతారు.

ఇక ఆట సంగతి. 2022 డిసెంబరులో వచ్చిన 4.0 కూర్పుతో ఈ ఆటకు డీఎక్స్12, రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టి చూపించే పద్ధతి) వంటివి చేరాయి. డీఎక్స్12 దారి ప్రాసెసర్ మీద, మెమరీ మీద ఎక్కువ భారం మోపుతుంది. స్టీమ్‌లో ఆట తెరిచేటప్పుడు డీఎక్స్11ను ఎంచుకోండి. రెజల్యూషన్‌ను 1280×720కు దించండి. 1080పీ తెర మీద 20,73,600 చుక్కలు గీయాలి, 720పీలో 9,21,600 చాలు. ఇంత తేడాను మరే సెట్టింగూ ఇవ్వదు. వెంట్రుకలను విడివిడిగా చూపించే హెయిర్‌వర్క్స్‌ను పూర్తిగా ఆపండి, నీడలను, గడ్డి సాంద్రతను, చెట్లు కనిపించే దూరాన్ని కనిష్ఠానికి తేండి. టెక్స్చర్లను (వస్తువుల ఉపరితలం మీది బొమ్మలను) మాత్రం మీడియంలో ఉంచుకోవచ్చు, 16 జీబీ ఉన్నాక వాటివల్ల వేగానికి పెద్ద నష్టం ఉండదు. చివరగా, ఫ్రేముల పరిమితిని 30 దగ్గర పెట్టండి. ఫ్రేములు 25కూ 45కూ మధ్య ఊగులాడే ఆట కంటే, ప్రతి ఫ్రేమూ 33 మిల్లీసెకన్ల తేడాతో క్రమంగా వచ్చే ఆట కంటికి ఎంతో హాయిగా ఉంటుంది.

వేళచేరి వేసవి

నేను చెన్నైలో ఇదే ప్రాసెసర్ వాడుతున్నాను. మే నెలలో ఏసీ లేని గదిలో ఆడితే, బెంగళూరు మిత్రులకు పావుగంటకు వచ్చే రెండో మెట్టు మాకు అయిదు నిమిషాలకే వస్తుంది. ల్యాప్‌టాప్ వెనుక వైపు రెండు వేళ్ల ఎత్తు లేచేలా ఏదైనా గట్టి దన్ను పెట్టండి. పరుపు మీద మాత్రం అసలు పెట్టవద్దు. గాలి పీల్చే రంధ్రాలు కింది వైపే ఉంటాయి కాబట్టి బట్ట వాటిని మూసేస్తుంది.

ఛార్జర్ గురించి కూడా అడగాలనిపిస్తోంది. మీరు వాడుతున్నది యంత్రంతో వచ్చిన ఛార్జరేనా? తక్కువ వాట్ల టైప్-సీ ఛార్జర్ పెడితే చాలా ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్ పవర్‌ను తామే తగ్గించుకుంటాయి.

మారతహళ్లి పీజీ వాసి

ఛార్జర్ అసలుదే, 65 వాట్లది. అయితే మా పీజీలో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమే పనిచేస్తుంది, ప్లగ్గులకు రాదు. అప్పుడు యంత్రం బ్యాటరీ మీదికి మారి, ఆట సగం వేగానికి పడిపోతుంది. దానికి పరిష్కారం నా చేతిలో లేదు కాబట్టి అలాంటప్పుడు సేవ్ చేసి మూసేస్తున్నాను.

శనివారం ఎస్పీ రోడ్‌కు ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లి, 8 జీబీ 3200 కార్డు అక్కడే వేయించాను. పనివాడు గారు చెప్పిన దుమ్ము పొర అక్షరాలా ఉంది. వేలికి చుట్టుకునేంత మందంగా, నూలు చాపలా ఒకే ముక్కగా ఊడి వచ్చింది. గదికి వచ్చి డివైస్ మేనేజర్ తెరిస్తే, నేను ఏమీ చేయకుండానే అక్కడ ‘ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్’ అని ఉంది.

ముందుగా ఏ సెట్టింగూ మార్చకుండా పాత చోటే నడిపి చూశాను. వైట్ ఆర్చర్డ్‌లో తేడా కంటికే తెలిసింది, ఇరవై దాటడానికి కష్టపడుతున్న చోట ముప్పయికి దగ్గరగా నడిచింది. ఆ తరువాత డీఎక్స్11, 720పీ, 30 పరిమితి ఒక్కొక్కటిగా పెట్టాను. ఇప్పుడు పొలాల్లో, అడవుల్లో 30 నుంచి కదలడం లేదు, ఉష్ణోగ్రత 80 డిగ్రీల పరిసరాల్లోనే ఉంటోంది. నోవిగ్రాడ్‌లో బొమ్మ బిగుసుకుపోవడం పూర్తిగా ఆగింది, మెమరీ కూడా 70 శాతం దాటలేదు. హయరార్క్ స్క్వేర్‌లో, జనం గుమిగూడే చోట మాత్రం ఇంకా 24 దాకా దిగుతోంది. అక్కడ ఏం చేయవచ్చు? డీఎక్స్12లో ఎఫ్ఎస్ఆర్ ఉంటుందని విన్నాను, అది వాడితే మేలా?

ఫ్రేమ్ టైమ్

ఆ కూడలిలో అడ్డు పడుతున్నది గ్రాఫిక్స్ కాదు, ప్రాసెసర్. అక్కడ నిలబడి రెజల్యూషన్‌ను ఇంకా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరగకపోతే నా మాట రుజువైనట్టే. ఎఫ్ఎస్ఆర్ చేసేది తక్కువ చుక్కలు గీసి పెద్దగా చూపించడమే కాబట్టి, ప్రాసెసర్ వెనకబడిన చోట అది సహాయపడదు. పైగా దానికోసం డీఎక్స్12కు వెళ్తే ప్రాసెసర్ భారమే పెరుగుతుంది. డీఎక్స్11లోనే ఉండి, ‘నేపథ్య పాత్రల సంఖ్య’ను లో దగ్గర పెట్టండి, నగరంలో ఉన్నంతసేపూ పవర్ ప్లాన్‌ను 100 శాతానికి మార్చండి.

అప్పటికీ చాలకపోతే ఇంకో దారి ఉంది. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లోని బీటాస్ పేజీలో పాత 1.32 కూర్పును ఎంచుకోవచ్చు. కాని కొత్త కూర్పులో చేసిన సేవ్‌లు పాతదానిలో తెరుచుకుంటాయని ఆశపెట్టుకోవద్దు. డాక్యుమెంట్స్‌లోని విచర్ 3 ఫోల్డర్‌లో ఉన్న గేమ్‌సేవ్స్‌ను ముందే వేరే చోట కాపీ చేసుకోండి. ఇంత దూరం ఆడాక, ఒక్క కూడలి కోసం వెనక్కి వెళ్లవద్దనే నేనంటాను.

జయనగర్ పాఠకుడు

ఉష్ణోగ్రత 80కి దిగిందని చదివి నిజంగా సంతోషం కలిగింది. నా ప్రధాన అభ్యంతరం అదే. ఈ మార్పులతో ఆఫీసు పని కూడా సులువైతే ఆ ఖర్చుకు పూర్తి విలువ దక్కినట్టేనని ఒప్పుకుంటున్నాను.

రైజెన్ విద్యార్థి

ఈ చర్చ చదివి నా ల్యాప్‌టాప్ కూడా చూశాను. నాది రైజెన్ 5 5500యూ, ఒకే 8 జీబీ కార్డు. డివైస్ మేనేజర్‌లో ‘రేడియాన్ గ్రాఫిక్స్’ అనే ఉంది. నాకు ఛానెల్ సమస్య లేదని అనుకోవచ్చా?

ఎస్పీ రోడ్ పనివాడు

అనుకోకూడదు తమ్ముడూ. ఆ పేరు ఛానెల్‌ను బట్టి మారేది ఇంటెల్ యంత్రాల్లోనే. మీ దాంట్లో ఒక్క కార్డు ఉన్నా రెండున్నా అదే పేరు కనిపిస్తుంది, వేగం మాత్రం పడిపోతుంది. మూత విప్పకముందే టాస్క్ మేనేజర్‌లో స్లాట్ల వరుస చూడండి. ‘1 ఆఫ్ 2’ అని ఉంటే పైన రాసిందంతా మీకూ వర్తిస్తుంది. కొన్ని పలుచని మోడళ్లలో ఒక ర్యామ్‌ను బోర్డుకే అతికించేసి, ఒక్క ఖాళీ స్లాట్ మాత్రమే ఇస్తారు, కొన్నిటిలో అదీ ఉండదు. కాబట్టి మీ మోడల్ నంబరు ఇక్కడ రాసి, స్లాట్ ఉందని తేలాకే కార్డు కొనండి.